గోడౌన్‌లోనూ బండి మీదా మన పిల్లలు
ఈ పని ఒంటికి ఏం చేస్తుంది? ఇంట్లోవారు ఏం చేయాలి?

ఒకప్పుడు మోత పని అంటే మార్కెట్ యార్డు హమాలీలే మనకు గుర్తుకు వచ్చేవారు. గుంటూరు మిర్చి యార్డులోనో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనో తలకు తువ్వాలు చుట్టుకుని, కొక్కెంతో బస్తా లాగి వీపు మీద వేసుకునే మనుషులు. ఇప్పుడు ఆ పనే కొత్త పేర్లతో మన ఇళ్ళలోకి వచ్చింది. ఇంటర్ చదివిన అబ్బాయి శంషాబాద్ వైపు ఏదో గోడౌన్‌లో "పికర్". డిగ్రీ మధ్యలో ఆపేసిన అమ్మాయి మేడ్చల్ దగ్గర "ప్యాకర్". విజయవాడలో చదువుకుంటున్న తమ్ముడు సాయంత్రం ఆరు తర్వాత "డెలివరీ పార్ట్‌నర్".

నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21లో మన దేశంలో ఇలా యాప్‌ల ద్వారా, పనికి ఇంత చొప్పున పనిచేసేవారు 77 లక్షల మంది. 2029-30 నాటికి వారు 2 కోట్ల 35 లక్షలు అవుతారని అదే నివేదిక అంచనా. కాబట్టి ఇది ఎవరో బయటివారి సంగతి కాదు. మన వీధిలోని, మన సంఘంలోని కుటుంబాల సంగతి.

ఈ పిల్లలు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మొదట చెప్పే మాట సాధారణంగా ఒక్కటే. "నొప్పి తగ్గడానికి ఏదైనా రాయండి, రేపు డ్యూటీకి వెళ్ళాలి." ఆ "రేపు వెళ్ళాలి" అన్న తొందర ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం వైద్యం ఇంట్లోనే జరుగుతుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

గోడౌన్‌లో ఒక షిఫ్టు

లారీ వచ్చి ఆగుతుంది. కొందరు పెట్టెలు దింపుతారు, కొందరు స్కాన్ చేస్తారు, కొందరు అరల్లో సర్దుతారు. ఎవరో ఫోనులో ఆర్డరు పెట్టగానే పికర్ చేతిలోని స్కానర్ మీద అర నంబరు కనబడుతుంది. వెళ్ళి, వస్తువు తీసి, ట్రాలీలో వేసి, ఇంకో నంబరుకు వెళ్ళాలి. పై అర అయితే చేతులు చాచాలి, కింది అర అయితే వంగాలి. ఇలా ఒక షిఫ్టులో పది కిలోమీటర్లకు పైగా నడిచేవారు ఉన్నారు. అదీ సిమెంటు నేల మీద.

ప్యాకింగ్ వారిది ఇందుకు తలకిందులు. వారు నడవరు, నిలబడతారు. ఒకే చోట ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడితే కాళ్ళలోని రక్తం పైకి రావడం కష్టమవుతుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, కొందరికి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. రోజంతా టేపు లాగి కత్తిరించడం వల్ల మణికట్టు, బొటనవేలు నొప్పి పుడతాయి.

స్కానర్ దారి చూపడంతో ఊరుకోదు. గంటకు ఎన్ని వస్తువులు తీశారో లెక్క కూడా పెడుతుంది. ఆ లెక్క పడిపోతే సూపర్‌వైజరు వచ్చి అడుగుతాడు. అందువల్ల నీళ్ళు తాగడానికో మూత్రానికో వెళితే ఆ కొద్ది నిమిషాలు కూడా లెక్కలో తగ్గుతాయని పిల్లలు భయపడతారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2024 వేసవిలో హర్యానాలోని మానేసర్ దగ్గర ఒక పెద్ద గోడౌన్‌లో, లారీల లోడు దింపడం పూర్తయ్యేవరకు నీళ్ళకూ మూత్రానికీ వెళ్ళబోమని పనివారి చేత ప్రతిజ్ఞ చేయించారని పత్రికల్లో వచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ దానిని తనంత తానుగా విచారణకు తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసు ఇచ్చింది.

బండి మీద ఒక రోజు

పార్సిళ్ళు ఇచ్చే అబ్బాయి పొద్దున్నే హబ్‌కు వెళ్ళి తన ఏరియా పెట్టెలు వేరు చేసుకుంటాడు. వీపు మీద నిండు బ్యాగు, కాళ్ళ మధ్య ఇంకో సంచి. ఇంటి నంబరు దొరకదు. ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తితే "సాయంత్రం రండి" అంటారు. కొన్ని అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఎక్కనివ్వరు, నాలుగో అంతస్తుకు మెట్లే గతి. కుక్క వెంటపడుతుంది. నగదు తీసుకుని వస్తువు ఇచ్చిన చోట చిల్లర సరిపోకపోతే రాత్రి హబ్‌లో లెక్క అప్పచెప్పేటప్పుడు తన జేబు నుంచి వేయాలి.

భోజనం తెచ్చే అబ్బాయికి ఇంకో రకం కష్టం. ఊరంతా తినే వేళ అతను తినలేడు. మధ్యాహ్నం భోజనం నాలుగు గంటలకు, రాత్రి భోజనం ఒంటిగంటకు. వాన పడితే మనం బయటికి వెళ్ళం, ఆర్డరు పెడతాం. కాబట్టి వానలోనే అతనికి పని ఎక్కువ. ఎండాకాలం మధ్యాహ్నమూ అంతే.

బరువు కన్నా లెక్క ప్రమాదం

చాలామంది తల్లిదండ్రులు "మేము ఇంతకన్నా ఎక్కువ బరువులు మోశాం" అంటారు. నిజమే. కాని హమాలీ పనికి ఒక సీజను ఉండేది. సరుకు రాని రోజులుండేవి. లారీకీ లారీకీ మధ్య కూర్చుని బీడీయో టీయో తాగే సమయం ఉండేది. బస్తా ఎత్తేటప్పుడు పక్కవాడు చెయ్యి వేసేవాడు. ఇప్పటి పనిలో పెట్టె చిన్నది, కాని ఆగడం లేదు, పక్కవాడూ లేడు. ఒళ్ళు ఒక్క పెద్ద బరువుతో చెడిపోవడం తక్కువ. విశ్రాంతి లేని వేయి చిన్న బరువులతో చెడిపోవడమే ఎక్కువ.

రెండో సంగతి జీతం. ఈ పనుల్లో చాలావాటిలో ఆదాయం రెండు భాగాలు. ఒకటి ఆర్డరుకు ఇంత, లేదా నెలకు ఇంత. రెండోది ఇన్సెంటివ్. ఉదాహరణకు రాత్రిలోగా 20 ఆర్డర్లు పూర్తి చేస్తే అదనంగా కొంత డబ్బు వస్తుందనుకుందాం. 19 దగ్గర ఆగితే ఆ అదనం ఏమీ రాదు. రాత్రి పదిన్నరకు 18 అయ్యాయి. ఇంకా రెండు. ఆ రోజంతటిలో ఒళ్ళు ఎక్కువగా అలిసిపోయిన సమయం అదే. రోడ్డు ఖాళీగా ఉండి బండ్లు వేగంగా పోయే సమయమూ అదే. అందరికన్నా ఎక్కువ తొందరపడవలసిన సమయం కూడా అదే. ఆ చివరి రెండు ఆర్డర్లే ప్రమాదకరమైనవి.

గోడౌన్‌లో దీనికి ఇంకో రూపం ఉంటుంది. నెలంతా మానకుండా వస్తే హాజరు బోనస్. ఒక్క రోజు జ్వరంతో పడుకుంటే ఆ బోనస్ మొత్తం పోతుంది. అందుకే జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని వెళతారు.

ఇక్కడే ఇంటి పాత్ర వస్తుంది. మొదటి నెలల్లో ఇన్సెంటివ్ బాగా వస్తుంది. ఆ మొత్తం చూసి చిట్టీ కడతాం, బండి ఈఎంఐ పెట్టుకుంటాం, చెల్లెలి ఫీజు ఒప్పుకుంటాం. ఆనాటి నుంచి ఇన్సెంటివ్ అదనపు డబ్బు కాదు, ఇంటి ఖర్చు. ఇక ఆ అబ్బాయి జ్వరం వచ్చినా ఆగలేడు. యాప్ చేసే ఒత్తిడికి తెలియకుండా మనం ఇంకో ఒత్తిడి కలుపుతున్నాం.

ఒంట్లో ఏం జరుగుతుంది?

నడుము. బరువు ఎంత అన్నదానితో పాటు ఒంటికి ఎంత దూరంలో పట్టుకున్నామన్నది కూడా ముఖ్యం. మన ఆడవారు నిండు బిందెను నడుముకు ఆనించి తెస్తారు, చేతులు చాచి తీసుకురారు. ఆ బుద్ధి పెట్టెకూ వర్తిస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువు హద్దు 23 కిలోలు. అనుకూలం అంటే బరువు ఒంటికి దగ్గరగా, మోకాలికి పైన నడుము ఎత్తుకు కాస్త కింద, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తడం. వంగి ఎత్తినా, పక్కకు తిరిగినా, నిమిషానికి పలుమార్లు ఎత్తినా ఆ హద్దు ఇంకా తగ్గిపోతుంది. 25 కిలోల బియ్యం బస్తా ఆ హద్దుకు పైనే ఉన్నదని గమనించండి.

ఇంకొక విషయం. నిద్ర లేచిన వెంటనే వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. మొదటి గంటలో వంగి బరువు ఎత్తితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. అందువల్ల లేచీ లేవగానే షిఫ్టులో దిగకుండా కాసేపు నడవాలి. గంటసేపు బండి నడిపి దిగిన వెంటనే కూడా అంతే. ఒకటి రెండు నిమిషాలు నడిచి, నడుము నిటారు చేసి ఆ తర్వాత బ్యాగు ఎత్తాలి.

నీరు, మూత్రం. బాత్‌రూమ్ దొరకదని నీళ్ళు తాగడం మానేసేవారు చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు. మూత్రం బిగబట్టడం వల్ల ఇన్ఫెక్షన్, నీరు తక్కువ కావడం వల్ల కిడ్నీలో రాళ్ళు రావచ్చు. మూత్రం రంగే కొలత. లేత పసుపు అయితే నీరు సరిపోయింది. ముదురు పసుపు, టీ రంగు అయితే సరిపోలేదు.

ఎండ. ఎండలో కష్టపడే మనిషి గంటకు లీటరు వరకు చెమట పోగొట్టుకోవచ్చు. దాహం వేసేదాకా ఆగకుండా ఎండలో ఉన్నంతసేపు ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీరు తాగడం మంచిది. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం, గంజి, నిమ్మరసం మన పెద్దలు చూపిన మంచి దారి. లీటరు నీటి ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసులో కాదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిపోతుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

నొప్పి మాత్రలు. ఇది అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసింది. మందుల షాపులో అడిగి కొన్న నొప్పి మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు, రక్తం కారవచ్చు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అదే మాత్ర కిడ్నీలను దెబ్బ తీస్తుంది. ఎండలో తిరిగి, నీళ్ళు తాగక, తిండి తినక, రోజూ ఒక డైక్లోఫినాక్. ఇవన్నీ కలిస్తే పాతికేళ్ళవాడి కిడ్నీ కూడా పాడవుతుంది. జ్వరంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ జ్వరం డెంగ్యూ అయితే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. పరీక్ష అయ్యేదాకా పారాసిటమాల్ తప్ప మరొకటి వద్దు.

నిద్ర. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే పొద్దున ఆరుకు లేచి రాత్రి పదకొండుకు బండి మీద ఉన్న కుర్రాడు ఒక్క చుక్క ముట్టకపోయినా తాగినవాడితో సమానం. మెలకువ కోసం గుట్కా, ఖైనీ, వరుసగా టీలు తాగడం దీనికి మందు కాదు. నిద్రకు నిద్రే మందు. పెద్దవారికి రోజుకు ఏడు గంటలు కావాలి.

ఆడపిల్లల రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ పరిస్థితి ఇంతే. నిలబడి చేసే పనిలో కళ్ళు తిరుగుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా "అలసట" అని వదిలేయకండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

నడుముకు బెల్టు పెట్టుకుంటే నొప్పి రాదా?
నొప్పి లేనివారికి బెల్టు రక్షణ ఇస్తుందనడానికి ఆధారం లేదు. అమెరికాలో సరుకు ఎత్తి దించే తొమ్మిది వేలకు పైగా దుకాణ ఉద్యోగులను గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టు వాడినవారికీ వాడనివారికీ నడుము నొప్పిలో తేడా కనబడలేదు. బెల్టు ఉన్నదన్న ధైర్యంతో ఇంకా బరువు ఎత్తడమే ప్రమాదం.

నడుము పట్టేస్తే వారం రోజులు మంచం దిగకూడదా?
సాధారణ నడుము నొప్పికి ఒకటి రెండు రోజులకు మించి పడక అవసరం లేదు. బరువులు మానేసి, మెల్లగా నడుస్తూ ఉంటేనే త్వరగా తగ్గుతుంది.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి?

నడుము నొప్పితో పాటు కాలు చచ్చుబడినట్టు ఉంటే, మర్మావయవాల చుట్టూ తిమ్మిరి ఉంటే, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా ఆ రోజే రావాలి. మలం తారులా నల్లగా వస్తే నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం కారుతున్నదేమో చూడాలి. ఎండలో పనిచేసి వచ్చినవారు పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. తలకు దెబ్బ తగిలినవారు బాగానే మాట్లాడుతున్నా, ఆ తర్వాత వాంతులు, మత్తు, విపరీతమైన తలనొప్పి వస్తే ఆలస్యం చేయకండి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. "డ్యూటీ అయ్యాక" అనవద్దు.

రోడ్డు ప్రమాదం జరిగితే

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారే. హెల్మెట్ తల దెబ్బను 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుందని 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ వదిలేసిన హెల్మెట్ మనిషి పడకముందే ఎగిరిపోతుంది.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని ప్రకటించింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, గుర్తించిన ఆసుపత్రుల్లో లక్షన్నర రూపాయల దాకా చికిత్స దీని కిందికి వస్తుంది. డబ్బు సర్దుకునేదాకా ఆగకుండా ముందు ఆసుపత్రికి చేర్చండి. ఆదుకున్నవారిని కేసుల్లో ఇబ్బంది పెట్టకూడదని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది.

హక్కుగా రావలసినవి

గోడౌన్‌లో పనిచేసేవారు మొదట చూసుకోవలసింది ఈఎస్ఐ. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. 2017 జనవరిలో దీని జీత పరిమితిని నెలకు 21,000 రూపాయలు చేశారు. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కాంట్రాక్టరు ద్వారా చేరినా సరే, జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉన్నదా, నంబరు ఇచ్చారా అడగండి. ఉంటే జబ్బు చేసిన రోజులకు కూడా కొంత జీతం వస్తుంది. కోత కోసి నంబరు ఇవ్వకపోతే ఈఎస్ఐ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, యాప్‌ల మీద పనిచేసేవారిని తొలిసారిగా చట్టంలో గుర్తించింది. వారి సంక్షేమ నిధికి కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని చెప్పింది. అంతకుముందు 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఈ పనివారికి ఈ-శ్రమ్ నమోదు, గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ వైద్యం ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో డెలివరీ పనివారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవి అందాలంటే పేరు నమోదై ఉండాలి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫోను నంబరుతో మీసేవ లేదా కామన్ సర్వీస్ కేంద్రానికి వెళ్ళి ఈ-శ్రమ్‌లో చేర్పించండి.

ఇంకొకటి చాలా తేలిక. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళవారు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. 2022 జూన్ నుంచి దీని ప్రీమియం సంవత్సరానికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు వస్తాయి. ఒక ప్లేటు ఇడ్లీ ఖర్చు కన్నా తక్కువకు వచ్చే ఈ బీమా ప్రతి డెలివరీ అబ్బాయికీ ఉండాలి.

విదేశాల్లో ఉన్నవారికి

చదువుకోవడానికి వెళ్ళి రాత్రిళ్ళు గోడౌన్‌లో పనిచేసే మన పిల్లలు బ్రిటన్‌లోనూ కెనడాలోనూ ఆస్ట్రేలియాలోనూ చాలామంది ఉన్నారు. ఇంటికి ఫోను చేసి "స్టోర్‌లో పని" అంటారు. బ్రిటన్ మార్గదర్శకాల్లో నడుము ఎత్తులో ఒంటికి దగ్గరగా ఎత్తే బరువుకు మగవారికి 25, ఆడవారికి 16 కిలోలు హద్దు. అంతకు మించితే సాయం అడగడం తప్పు కాదని వారికి చెప్పండి. అక్కడి డిగ్రీ విద్యార్థులకు చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయడానికి అనుమతి. ఫీజు అప్పు తీరాలని ఇక్కడి నుంచి మనం తొందరపెడితే ఆ హద్దు దాటించేది మనమే అవుతాం.

ఇంట్లోవారు చేయవలసినవి

ఇన్సెంటివ్‌ను ఇంటి ఖర్చులో కలపకండి. చిట్టీ అయినా ఈఎంఐ అయినా స్థిరంగా వచ్చే డబ్బుకే సరిపెట్టుకోండి. ఇన్సెంటివ్ వచ్చిన నెల దానిని విడిగా దాచండి. జ్వరం వచ్చిన వారంలో ఆ డబ్బే వారికి విశ్రాంతి ఇస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

రాగానే "ఈరోజు ఎన్ని ఆర్డర్లు?" అని కాక "తిన్నావా? నీళ్ళు తాగావా?" అని అడగండి. బండి మీద ఉన్న వేళ ఫోను చేయకండి. మీ నంబరు చూసి ఎత్తకుండా ఉండలేరు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారికి పగలు ఒక గది చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి. చుట్టాలు వచ్చారని లేపకండి. సద్ది కట్టి ఇవ్వండి. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు, రెండు లీటర్ల నీటి సీసా చాలు.

ఆదివారం భోజనం ఆర్డర్లు ఎక్కువగా ఉండే రోజు. అందువల్ల ఆ రోజు ఆరాధనకు రాలేని పిల్లలు మన సంఘంలోనూ ఉన్నారు. రాలేదని నలుగురిలో మందలిస్తే ఇంకా దూరమవుతారు. ఏ రోజు సెలవు దొరికితే ఆ రోజు పలకరించండి. వారంలో ఒక పూర్తి రోజు ఒంటికి విశ్రాంతి ఇవ్వమని మాత్రం గట్టిగా చెప్పండి.

తలుపు దగ్గర మనం

ఆర్డరు పెట్టేది మనమే కాబట్టి మన వంతు కూడా ఉంది. ఇంటి గుర్తు సరిగా రాయండి. ఓటీపీ, చిల్లర సిద్ధంగా ఉంచండి. పై అంతస్తులో ఉండి కాళ్ళు బాగున్నవారు బరువైన పార్సిలు కోసం కిందికి దిగండి. అపార్ట్‌మెంట్ సంఘంలో మీరు సభ్యులైతే లిఫ్టు, బాత్‌రూమ్ వారికీ తెరిచి ఉంచమని తీర్మానం చేయించండి. కింద ఒక కూజా నీళ్ళు పెట్టించండి. ఐదు నిమిషాలు ఆలస్యమైందని తక్కువ రేటింగు ఇవ్వకండి. ఆ ఐదు నిమిషాలు అతను సిగ్నలు దగ్గర ఆగి ఉండవచ్చు. ఆగినందుకు శిక్ష వేయకండి.

ఈ పని చిన్న పని కాదు, సిగ్గుపడవలసిన పనీ కాదు. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగేది దానివల్లే. ఈ నెల జీతం వచ్చిన రోజున మీ ఇంట్లో ఆ పని చేసేవారితో కలిసి కూర్చోండి. ఏది స్థిరమైన డబ్బు, ఏది ఇన్సెంటివ్ అని కాగితం మీద రెండుగా రాయండి. ఈఎస్ఐ నంబరు, ఈ-శ్రమ్ నంబరు, బీమా వివరాలు అదే కాగితం వెనుక రాసి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. నొప్పి రెండు వారాలు దాటితే ఇంకో మాత్ర కొనుక్కోకుండా ఓపీకి తీసుకురండి. డబ్బు వచ్చే నెల కూడా సంపాదించవచ్చు. నడుము, కిడ్నీ, ప్రాణం మాత్రం మళ్ళీ సంపాదించుకునేవి కావు.